మాలకొండమ్మ నమిలిన పప్పుచెక్క

పోయిన వారం కామాక్షయ్యను మనం జువ్వలదిన్నె హార్బరు పక్కన, వలల షెడ్డులో, పదిమంది మధ్య నోరు తెరిపించి నిలబెట్టి వచ్చేశాం. అరవై రెండేళ్ళ మనిషికి వారం పొడుగునా అలా నిలబడటం కష్టమే. అందులోనూ ఆ నోట్లో మిగిలినవి పదిహేను పళ్ళు. వాటిలో తొమ్మిది నాలుక తగిలితే చాలు కదిలిపోతున్నాయి. కావలిలో పళ్ళ డాక్టరు మెర్లిన్ ఎక్స్‌రే తీసి, ఆ తొమ్మిదీ తీసెయ్యాల్సిందేననీ, కింద ముందువరసలో ఉన్న ఆరూ మాత్రం గట్టివనీ, వాటిని ఉంచుకుందామనీ చెప్పింది. కామాక్షయ్య ఆ మాట ఇంటికి తెచ్చుకుని, రెండు రోజులు ఆలోచించి, షెడ్డులో అందరి ముందూ తీర్పు చెప్పేశాడు.

"ఆ ఆరు మాత్రం ఎందుకబ్బా? అన్నీ పీకించి పారేస్తా. మా ఇంటిది ఎనిమిదేళ్ళ కింద పీకించుకోలా? పెళ్ళిలో అది పప్పుచెక్క కొరికితే పందిరి అవతల ఉండేవాడికి వినబడతాది."

షెడ్డంతా భేష్ అంది. అన్నం క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న మాలకొండమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. పందిరి అవతలికి వినబడిన ఆ చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

ఆ సంగతి షెడ్డులో వాళ్ళకు తెలియకపోయినా, మనకు తెలిస్తే తప్పులేదు.

ఎనిమిదేళ్ళ కింద ఒక తెల్లవారుజామున, చేపల వేలంపాట జరుగుతుండగా మాలకొండమ్మకు దవడ పన్ను ఒకటి సలిపింది. పాట పాడదామంటే నోరు తెరవలేకపోయింది. ఆమె కళ్ళముందే మంచి వంజరాల గంప ఇంకొకరి పాలైంది. ఆ కోపంతో అదే రోజు డాక్టరు దగ్గరికి పోయి, "ఒక్కటి కూడా మిగల్చొద్దు" అంది. ఆ డాక్టరు వద్దమ్మా అన్నాడు, నాలుగైనా ఉంచుకోమన్నాడు. వినలేదు. ఒక పన్ను చేసిన తప్పుకు నోరంతటికీ శిక్ష వేసి వచ్చింది.

మొదటి ఏడాది పళ్ళసెట్టు బాగానే ఉంది. తెల్లగా, వరసగా, టీవీలో మనిషి నవ్వినట్టు ఉండేది. "మాలకొండమ్మ పదేళ్ళు చిన్నదైపోయింది" అన్నారు వీధిలో. ఆ మాట ఆమెకు చాలా నచ్చింది. రెండో ఏటికి కింది సెట్టు కదలడం మొదలుపెట్టింది. మూడో ఏటికి మాట్లాడితే లేచేది, నవ్వితే జారేది. కానీ అప్పటికే ఆమె అందరూ వేలుపెట్టి చూపించే మనిషి అయిపోయింది. పన్ను నొప్పి అన్నవాళ్ళందరినీ వీధివాళ్ళు ఆమె దగ్గరికే పంపేవాళ్ళు. ఆ వీధిలోనే ఉండే రమణయ్య వచ్చి అడిగి పోయి అన్నీ పీకించుకున్నాడు. తర్వాత ఇంకో ముగ్గురు. అంతమంది చేత పళ్ళు పీకించాక, నా సెట్టు బాగాలేదని ఎలా చెబుతుంది?

చెప్పలేదు. పెళ్ళిళ్ళలో పప్పుచెక్కను బుగ్గలోకి తోసి, బొటనవేలితో నొక్కి విరిచేది. టప్పుమని మోగేది. ఆ ముక్కను కాఫీలో నానబెట్టి మింగేది, మిగతాది కొంగులోకి. ఇంట్లో అయితే ఇంకా సులువు. కామాక్షయ్య తిని, చెయ్యి కడుక్కుని, షెడ్డుకు పోయాకగదా ఆమె కంచం ముందు కూర్చునేది! వాళ్ళ అమ్మా అట్లాగే తిన్నది, అత్తా అట్లాగే తిన్నది. అందువల్ల పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె ఎలా తింటుందో మొగుడు చూడనేలేదు. అతను వీధి మలుపు తిరగ్గానే కింది సెట్టు తీసి నీళ్ళగిన్నెలో వేసి, అన్నాన్ని చారులో పిసికి తాగినట్టు తినేది.

కాబట్టి ఆ సోమవారం పొద్దున, కావలి పోయే షేర్ ఆటోలో మొగుడి పక్కన కూర్చున్న మాలకొండమ్మ ముందు ఒకటే పని ఉంది. డాక్టరు పట్టకారు తీసేలోగా అతనికి నిజం చెప్పాలి.

"ఏమయ్యా."

"ఊఁ."

"ఆ ఆరూ ఉంచుకుంటే ఏం పోయిందంట?"

"ఉంచుకుంటే అవి మటుకు ఊరికే ఉంటాయా? రేపొకటి, ఎల్లుండొకటి ఊగతాయి. పన్నుకొకతూరి కావలి చుట్టూ ఎవడు తిరగతాడే? ఒక్కదెబ్బతో తెగిపోవాల." కామాక్షయ్య చేత్తో గాలిని నరికాడు. "వేట లేని రెండు నెలలూ నాకు కలిసొచ్చినాయి. ఈ పొద్దు పీకిచ్చుకుంటే పదో దినానికి సెట్టు. మళ్ళీ బోట్లు దిగేలోపల అందరి వలలూ బాగుచేసిచ్చేస్తా."

జూన్ నడిమి దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నాయి. మోకాలు నొప్పివాళ్ళు, కంటి ఆపరేషనువాళ్ళు, పళ్ళవాళ్ళు, అందరూ ఈ రెండు నెలల్లోనే ఆసుపత్రుల పని చూసుకుంటారు. ఊళ్ళో అందరికీ అదే లెక్క. కామాక్షయ్యా అదే లెక్క వేసుకున్నాడు. వల బాగుచేసేవాడికి మాత్రం ఏడాది మొత్తంలో పని ఎక్కువగా ఉండేది ఈ రెండు నెలల్లోనే అన్న సంగతి, పాపం, అతనికే గుర్తు రాలేదు.

"వల పనికి పళ్ళు కావాల గదయ్యా?" అంది మాలకొండమ్మ, మెల్లిగా దారిలోకి తెద్దామని.

"సెట్టు ఉండదా? నువ్వు చెక్క కొరకంగా లేంది, నేను దారం పట్టుకోలేనా?"

ఎదురు సీటులో ఉన్న ముసలామె వంగి మాలకొండమ్మ నోటికేసి ఆసక్తిగా చూసింది. "కట్టుడు పళ్ళా? అట్ట లేవే! ఏదీ, ఒకతూరి నవ్వమ్మా!"

మాలకొండమ్మ నవ్వింది. నాలుకతో కింది సెట్టును అదిమిపట్టి, జాగ్రత్తగా, అలవాటు ప్రకారం నవ్వింది. ఆటోలో చెప్పాలనుకున్న నిజం ఆ నవ్వుతో మళ్ళీ లోపలికి పోయింది.

డాక్టర్ మెర్లిన్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. తనే స్కూటర్ మీద వచ్చి, తనే షట్టరు ఎత్తి, తనే ఫ్యాను వేసే డాక్టరు. ఎండలో వచ్చారని ఇద్దరికీ ముందు చల్లటి నీళ్ళు ఇచ్చింది. మంచినీళ్ళు ఇచ్చి మాట మొదలుపెట్టే డాక్టరు దొరకడం చిన్న అదృష్టం కాదు.

కామాక్షయ్య కుర్చీ ఎక్కి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, పైకప్పు చూస్తూ చెప్పేశాడు. "అన్నీ తీసెయ్యండమ్మా. పదిహేనూ."

"ఆరు బాగున్నాయి కదా, పెద్దాయనా. బాగున్న పన్ను తియ్యడానికి నాకు చెయ్యి రాదు. ఎందుకో చెప్పండి."

"మా ఇంటిదాని మాదిరి నాక్కూడా సుఖంగా ఉండాల."

మెర్లిన్ మూలన స్టూలు మీద కూర్చున్న మాలకొండమ్మను చూసి చిరునవ్వు నవ్వి, అద్దం పుల్లతో కింది వరస పరీక్షించింది. నడిమి పంటి అంచు దగ్గర ఆగిపోయింది.

"ఈ గాడి ఏంటి? ఆకురాయితో గీసినట్టుంది."

కామాక్షయ్య మొహం వెలిగిపోయింది. "అదా! అది నలభై ఏళ్ళ గాడి తల్లీ. దారం గాడి."

"దారమా?"

"వల చేతికి తీసుకుంటే ఒక చేతిలో సూది, ఒక చేతిలో వల కన్ను. కాలి బొటనేలికి వల కొస. ఇంక దారం పట్టుకునేదానికి దేవుడు ఏమిచ్చినాడు? పళ్ళే గదా! దారం ఇట్ట పళ్ళ నడాన బిగిచ్చి, తల ఎనక్కి ఒక్క ఇసురు ఇసిరినామంటే ముడి ఇంక జన్మలో ఊడదు. నా ముడికి పెంచలకృష్ణ బోటు వల పదేళ్ళు నిలిచింది, అడగండి కావాలంటే."

మెర్లిన్ సొరుగు తెరిచి, పళ్ళ సందులు శుభ్రం చేసే సన్న నూలు ఒక మూర తెంచి ఇచ్చింది. కామాక్షయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత సన్నందా! దీంతో ఏం చేపను పడతారమ్మా?" అన్నాడు. చూపించకుండా మాత్రం ఉండలేకపోయాడు. నూలు కొస ఆ గాడిలో చక్కగా కూర్చుంది. మెర్లిన్ రెండో కొస పట్టుకుని లాగింది. అతను తల వెనక్కి విసిరేసరికి ఆమె చేతిలోంచి నూలు జారిపోయింది.

డాక్టరు ముచ్చటపడింది. తర్వాత గొంతు కొంచెం మార్చి చెప్పింది. "కట్టుడు సెట్టు ఈ లాగుడుకు నిలవదు, కామాక్షయ్య గారూ. ముఖ్యంగా కింది సెట్టు. చిగుళ్ళ మీద ఊరికే కూర్చుని ఉంటుంది, అంతే. మీరిలా ఒక్క విసురు విసిరితే ముడితో పాటు సెట్టూ బయటికొస్తుంది. ఇంకో మాట. పదో రోజుకు సెట్టు పెట్టలేం. చిగుళ్ళు మాని కుదురుకోవాలంటే రెండు మూడు నెలలు పడుతుంది."

"రాదమ్మా. మీకు తెలవదు." కామాక్షయ్య కుర్చీలో లేచి కూర్చున్నాడు. "మే, ఇట్రా. డాక్టరమ్మకు చూపిచ్చు."

నూలు కొస చాపి పట్టుకుని ఉన్నాడు. మొహంలో ఎంత గర్వం ఉందో మాలకొండమ్మకు స్టూలు మీదినుంచే కనబడింది. తన ముడి గురించి చెప్పినప్పటి గర్వం కూడా అంత లేదు.

ఆమె లేచింది. రెండడుగుల దూరం. నూలు అందుకుంది. ఇప్పుడు పళ్ళ మధ్య పెట్టుకుని, అతను లాగబోయే ముందు తుమ్ము వచ్చినట్టు నటించొచ్చు. దగ్గొచ్చు. ఎనిమిదేళ్ళలో ఇలాంటివి ఎన్ని నేర్చుకోలేదు! కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి రేపటి నుంచి దారం పట్టుకోను చోటు ఉండదు. ఆ షెడ్డులో అతను కూర్చునే చోట ఇంకెవరో కూర్చుంటారు.

మాలకొండమ్మ నూలును ట్రేలో పెట్టింది. గోడవైపు తిరగాలనుకుని తిరగలేదు. నోట్లో వేలు పెట్టి, కింది సెట్టు తీసి, చాచి ఉన్న మొగుడి అరచేతిలో పెట్టింది.

"చూసుకో. లాగే పని కూడా లేదు. ఏడేళ్ళుగా ఇది నా నోట్లో కంటే నీళ్ళగిన్నెలోనే జాస్తిగా ఉండాది."

కామాక్షయ్య అరచేతిలో ఉన్నదాన్ని చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. కింది పెదవి లోపలికి పోయి, ఆమె ఉన్నట్టుండి అతనికి పిల్లనిచ్చిన అత్తలాగా కనబడింది.

"మరి పప్పుచెక్కలు?"

"బొటనేలుతో ఇరిచేదాన్ని. నువ్వు ఇనింది ఆ సప్పుడు."

"రమణయ్యతో బాగుండాదని చెప్పినావే?"

"చెప్పినా. ఆ ముగ్గురితో కూడా చెప్పినా. వాళ్ళల్లో ఒక్కరు కూడా వచ్చి బాగలేదని నాతో అనలా. ఎందుకనలేదో ఇప్పుడు అర్థమైతాంది. నేనెందుకు చెప్పలేదో వాళ్ళూ అందుకే చెప్పుండరు."

మెర్లిన్ చేతులు కడుక్కునే సింకు వైపు తిరిగి నిలబడింది. ఆ సమయంలో మొగుడూ పెళ్ళాలను వాళ్ళ మానాన వదిలెయ్యాలని ఆ వయసుకే తెలిసిన పిల్ల.

"ముప్పై ఎనిమిదేళ్ళ కాపురమే!" కామాక్షయ్య గొంతులో కోపం వచ్చింది. "షెడ్డులో పదిమంది ముందర నిన్ను పెట్టుకుని అంత గొప్పలు పోయినానే. నాతో ఒక్క ముక్క అనలేకపోయినావా?"

"నువ్వు తినేసి పోయినాకగదా నేను తినేది? ఒక్కనాడన్నా నా కంచంలోకి తొంగి చూసినావా? చూసుంటే అడిగేవాడివి. అడిగుంటే చెప్పేదాన్ని."

అతని కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. అరచేతిలోని సెట్టును తిప్పి చూస్తూ అడిగాడు.

"అయితే ఏం తింటుండావే, ఇన్నాళ్ళ నించీ?"

"చారన్నం."

"ఒట్టి చారన్నమా?"

"పండగనాడు పెరుగన్నం."

"నేను వారం వారం తెస్తుండానే, ఎండు నెత్తళ్ళు. నీకు ఇష్టమని. కరకరలాడేటట్టు ఏయించుకుంటావని."

మాలకొండమ్మ తల దించుకుంది. "పిల్లికి."

"ఎన్నేళ్ళు?"

"ఏడేళ్ళు."

కామాక్షయ్య కొంతసేపు గోడ మీది పళ్ళ బొమ్మను చూశాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది మాలకొండమ్మ. కాదు.

"అందుకా!" అన్నాడు, ఊగే పళ్ళన్నీ బయటపెట్టి. "అందుకా మన పిల్లి గోడ ఎక్కలేకుండా అట్ట బలిసిపోయింది! రోగమేమో అని నేను పశువుల డాక్టరును కూడా అడిగితినే!"

ముందు సింకు దగ్గర మెర్లిన్ నవ్వింది. తర్వాత మాలకొండమ్మకూ ఆగలేదు. సెట్టును అదిమిపట్టాల్సిన పని లేకుండా, బోసి దవడతో, నోరంతా తెరిచి నవ్వి ఎన్నేళ్ళయిందో. కళ్ళలో నీళ్ళొచ్చాయి. కొంగుతో తుడుచుకుంటుంటే మెర్లిన్ వచ్చి కామాక్షయ్య చేతిలోని సెట్టు తీసుకుని, తనే కడిగి, తెల్లటి గుడ్డలో పెట్టింది.

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా సరిచేయించలేదా, అమ్మా?"

"సరి చేస్తారా?"

"చెయ్యకేం! పళ్ళు పోయిన దవడ ఏడాదికేడాది అరుగుతుంది. సెట్టు మాత్రం అట్లే ఉంటుంది. వదులు కాక ఏమవుతుంది? కొత్తగా అచ్చు తీసి మళ్ళీ చేసుకోవాలి. తప్పు మీది కాదు, సెట్టుదీ కాదు. చెప్పులు అరిగితే మార్చుకోమా?"

మాలకొండమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏడేళ్ళు మోసిన బరువు ఇంత చిన్న మాటతో దిగేదని ముందే తెలిస్తే! బాగాలేదని నోరు తెరిచి అడిగితే, పీకించుకున్న తన తెలివి మీదికి మాటొస్తుందని అడగనేలేదు.

"డాక్టరమ్మా," కామాక్షయ్య వెనక్కి వాలి పడుకున్నాడు. "ఆ ఆరింటినీ ముట్టుకోబాకండి. మిగతావి మీ ఇష్టం."

"మంచిది. పైన సెట్టు కడతాను, కింద మీ పళ్ళు మీకే ఉంటాయి. దారం పట్టుకోండి, పర్లేదు. కొరికి తెంపొద్దు, అందుకు కత్తెర పెట్టుకోండి. తొమ్మిదీ ఒకేసారి వద్దు, మూడేసి తీద్దాం. వల పని ఆగదు."

"సరే. మే, నువ్వు కూడా ఇను. నాదొక షరతు."

"చెప్పు."

"రేపట్నించి నువ్వు నాతోనే కూర్చోని తినాల. ఎదురుగా. నీ కంచంలో ఏముండాదో నాకు కనబడాల."

"అట్ట కూర్చుంటే నాకు సిగ్గు" అంది మాలకొండమ్మ.

"పిల్లికి లేని సిగ్గు నీకెందుకే?" అంటూ నోరు తెరిచాడు కామాక్షయ్య.

సూది పడింది. మొదటి పన్ను వచ్చింది. రెండోదీ వచ్చింది. దవడ మొద్దుబారి, నోట్లో దూది కుక్కుకుని, మూడోదాని కోసం అతను సిద్ధంగా ఉన్న సమయానికి మాలకొండమ్మ సంచిలో ఫోను మోగింది. అప్పుడు టైము పదింపావు.

కోట ఊళ్ళో ఉండే చెల్లెలు గంగాభవాని. రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తుంది. ఫోనులో మాట్లాడితే ఫోను అవసరం లేదేమో అన్నంత గొంతు.

"అక్కా! నీకు చెప్పకుండా ఒక పని చేస్తుండా. నెల్లూరికొచ్చినా, పళ్ళాసుపత్రికి! డాక్టరు మూడు తీస్తే చాలన్నాడు. నేనే పట్టుబట్టినా, మా అక్క మాదిరి అన్నీ తీసెయ్యమని. పన్నెండింటికి నా వంతు. చెరువు కాడ ఆడోళ్ళు ఇంకో ఆరుమంది నాతో వచ్చినారక్కా, వాళ్ళకు కూడా నీ కథంతా చెప్పినా. స్పీకర్ పెట్టుండా, ధైర్యంగా ఒక మాట చెప్పు!"

మాలకొండమ్మ మొగుడి వైపు చూసింది. అతని నోట్లో దూది. డాక్టరు చేతిలో పట్టకారు. చెప్పాల్సింది తనే. ఒక గంట కింద అయితే దగ్గి తప్పించుకునేది. ఇప్పుడు చెప్పేసింది.

"భవానీ, ఆగు. ఆ మూడు పీకిచ్చుకుని పో. అన్నీ వద్దు. నా సెట్టు బాగలేదు. ఎప్పటినించో బాగలేదు. నేను అందరికీ అబద్ధం చెప్పినా."

అవతల ఏడుగురు ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు.

"చూసినారా మా అక్కను!" గంగాభవాని గొంతులో నవ్వుతో పాటు ఇంకేదో ఉంది. "నా పెళ్ళికి నీ పట్టుచీర అడిగినప్పుడు కూడా చినిగిపోయిందనే చెప్పినావు. నేను నీ అంత బాగా కనబడితే నువ్వు తట్టుకోలేవు గదక్కా? మొన్న పెళ్ళిలో పప్పుచెక్క కొరికింది నేను నా కళ్ళతో చూసినా. ఫోను పెట్టేస్తుండా. సాయంత్రం వీడియోలో నా పళ్ళు చూద్దువుగాని!"

"భవానీ! ఏ ఆసుపత్రే? భవానీ!"

కట్టయింది. మళ్ళీ చేసింది. స్విచ్ ఆఫ్. మూడోసారీ అదే.

నెల్లూరికి బస్సులో గంట పైమాటే. పళ్ళ ఆసుపత్రులు వీధికొకటి. ఏడుగురు మనుషులు. ఫోనులో చెబితే నమ్మని నిజం, చెల్లెలి చెవిలో ఎలా వేయడం? మాలకొండమ్మ ఫోను పట్టుకుని నిలబడిపోయింది.

కుర్చీ కిర్రుమంది. కామాక్షయ్య లేచి నిలబడ్డాడు. మెడకు కట్టిన గుడ్డ విప్పి కుర్చీలో పడేశాడు. నోట్లో దూది అలాగే ఉంది. చెప్పులు వేసుకుని, ఆమె సంచి తన భుజాన తగిలించుకుని, తలుపు వైపు చెయ్యి చూపించాడు.

"ఇంకో పన్ను ఉంది, కామాక్షయ్య గారూ! మొద్దుబారింది కూడా!" మెర్లిన్ వెంటపడింది.

అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు. మాలకొండమ్మ గబగబా ట్రే దగ్గరికి వెళ్ళి, తెల్లటి గుడ్డలో కడిగి పెట్టిన కింది సెట్టు కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఇది మీ దగ్గరే ఉండనియ్యండమ్మా," అంది. "ఈ పొద్దు నా నోరు ఇట్టే ఉండాల."

రోడ్డు మీద నెల్లూరు బస్సు హారన్ కొట్టింది. ఆమె కొంగు బిగించి, బోసి నోరు దాచుకోకుండా, ఎండలోకి పరుగెత్తింది.